లేనిదేది, మారినదేది

2011 జూన్ 21న ఆపిల్ సంస్థ ఫైనల్ కట్ ప్రో కొత్త వెర్షన్‌ని మ్యాక్ యాప్ స్టోర్‌లో పెట్టింది. పేరు చివర ఎక్స్ అని రాసి, టెన్ అని చదవాలన్నారు. అప్పటిదాకా 999 డాలర్లకు అమ్మిన ఫైనల్ కట్ స్టూడియో స్థానంలో ఇది 299.99 డాలర్లకే వచ్చింది. ధర చూసి సంబరపడినవాళ్ళు వెంటనే కొని, ఇన్‌స్టాల్ చేసి, పాత ప్రాజెక్టు తెరవబోయారు. తెరుచుకోలేదు. ఇంట్లో పుట్టినరోజు వీడియోలు చేసుకునే ఐమూవీ ప్రాజెక్టులు మాత్రం చక్కగా లోపలికి వస్తున్నాయి. పదేళ్ళుగా ఈ సాఫ్ట్‌వేర్‌తో అన్నం తింటున్నవాళ్ళకి అక్కడే ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ట్రాకులు లేవు. మల్టీక్యామ్ లేదు. సౌండ్ వాళ్ళకి ఇచ్చే ఓఎంఎఫ్ లేదు. కలరిస్టుకి పంపే ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్ లేవు. బ్రాడ్‌కాస్ట్ మానిటర్‌కి బొమ్మ సరిగ్గా పంపే దారి లేదు. టేపుకి ఎక్కించే వీలూ లేదు. ఇవన్నీ ఒక ఎత్తయితే, అదే రోజున పాత స్టూడియోని అమ్మకం నుంచి తీసేయడం మరో ఎత్తు. ఇంకో రెండు సిస్టమ్‌లకి పాతదే కొనుక్కుని నెట్టుకొద్దామనుకున్న ఎడిట్ సూట్లకి ఆ దారీ మూసేశారు. అమెరికాలో కోనన్ ఓబ్రయన్ టీవీ షో ఎడిటర్లు కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఎగతాళి చేస్తూ ఒక స్కిట్ కట్ చేసి ప్రసారం చేసేశారు. ప్రీమియర్ తయారుచేసే అడోబీ సంస్థ సందు చూసుకుని, మా వైపు వచ్చేవాళ్ళకి సగం ధరకే ఇస్తామంది. ఆవిడ్ కూడా తగ్గింపు ధర ప్రకటించింది.

ఎడిటింగ్ వృత్తిలో ఇంత పెద్ద మార్పు ఇంత ఆకస్మికంగా, ఇంత బహిరంగంగా జరిగిన సందర్భం నాకు మరొకటి కనిపించదు. జరిగి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆ రోజు ఎవరి కోపం న్యాయమైందో, ఎవరి భయం ఉత్తదో ఇప్పుడు తీరిగ్గా లెక్క చూడొచ్చు. మీ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, రేపో మాపో మీకూ ఇలాంటి జూన్ ఒకటి వస్తుంది. అందుకని ఆ లెక్క ఒకసారి చూద్దాం.

ఆ నెలలో వచ్చిన ఫిర్యాదుల్లో రెండు జాతులవి కలగలిసిపోయాయి. "మల్టీక్యామ్ లేదు" అనేది ఒక జాతి. "ట్రాకులు లేకుండా ఎలా కట్ చేస్తారండీ" అనేది ఇంకో జాతి. మొదటిది లేకపోవడం. రెండోది మారిపోవడం. కోపంలో ఉన్నవాడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, రెండింటికీ ఒకే కేక వేస్తాడు. కానీ వీటికి మందులు వేరు. లేనిదానికి ఎదురుచూడాలి, లేదా పక్కదారి వెతకాలి, లేదా ఆ సాఫ్ట్‌వేర్‌ని వదిలేయాలి. మారినదాన్ని నేర్చుకోవాలి. లేనిదాన్ని నేర్చుకుందామని కూర్చుంటే కాలం వృథా. మారినది పాత రూపంలో తిరిగి వస్తుందని ఎదురుచూస్తే అంతకన్నా ఎక్కువ వృథా.

జరిగింది చూడండి. మూడు నెలలకి, 2011 సెప్టెంబరులో, 10.0.1 వెర్షన్‌తో ఎక్స్‌ఎంఎల్ వచ్చింది. 2012 జనవరి 31న 10.0.3 వచ్చింది, అందులో 64 యాంగిళ్ళ దాకా పట్టే మల్టీక్యామ్ ఉంది, బ్రాడ్‌కాస్ట్ మానిటర్‌కి దారీ పడింది. అదే నెలలో పాత ఫైనల్ కట్ 7 ప్రాజెక్టుల్ని కొత్తదాంట్లోకి మార్చే సెవెన్‌టుఎక్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ని బయటివాళ్ళు తయారుచేశారు. 2012 అక్టోబరులో రెండు వ్యూయర్లు తిరిగొచ్చాయి. సౌండ్ వాళ్ళకి కావలసిన ఏఏఎఫ్ మాత్రం ఆపిల్ లోపల పెట్టలేదు. దానికి ఎక్స్‌టుప్రో అనే బయటి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవలసి వచ్చింది. ఈడీఎల్‌కీ అదే గతి. అంటే లేనివాటిలో కొన్ని వచ్చాయి, కొన్ని డబ్బు పెడితే బయట దొరికాయి. ట్రాకులు మాత్రం ఇవాళ్టికీ రాలేదు. ఐదేళ్ళకి, 2016లో వచ్చిన 10.3 వెర్షన్‌లో డైలాగు, సంగీతం, ఎఫెక్టులు వేర్వేరు రంగుల వరసల్లో కనిపించేలా చేసి, పాతవాళ్ళ వైపు ఒక అడుగు వేశారంతే.

కాబట్టి మొదటి పని ఇది. కొత్త వెర్షన్ రాగానే ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు లేనివి, కుడివైపు మారినవి. ఏది ఎటు వేయాలో తెలియకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: "నాకు కావలసిన ఫలితం వేరే దారిలోనైనా ఇందులో వస్తుందా?" వస్తే కుడివైపు. ఏ దారిలోనూ రాకపోతే ఎడమవైపు. ఎడమవైపు రాసిన ప్రతిదాని పక్కన, ఇది ఏ పనికి, ఏ క్లయింటుకి కావాలో రాయండి. చాలామందికి ఇక్కడే సగం కోపం దిగిపోతుంది, ఎందుకంటే ఎడమవైపు జాబితాలో సగం వాళ్ళు ఎప్పుడూ వాడనివే. యూట్యూబ్ ఛానల్‌కి వీడియోలు కట్ చేసేవాడు టేపు అవుట్‌పుట్ లేదని బాధపడితే అది పక్కవాడి బాధను మోయడమే. అదే టేపు అడిగే టీవీ ఛానల్‌కి 2011లో ప్రోగ్రాం ఇవ్వాల్సినవాడికి అది నిజంగా అన్నం ముద్ద. అతను ఆ రోజు పాతదాంట్లోనే ఉండిపోవడం సరైన నిర్ణయం.

కంపెనీ ఎందుకిలా చేసిందో తెలుసుకోవడం కూడా కొంత ఉపయోగం. పాత ఫైనల్ కట్ 32-బిట్ సాఫ్ట్‌వేర్. సిస్టమ్‌లో ఎంత మెమరీ పెట్టినా 4 జీబీకి మించి వాడుకోలేదు. రెండర్ చేస్తున్నంతసేపూ టీ తాగి రావాలి. దాని కింద ఉన్న క్విక్‌టైమ్ పునాది పాతబడింది. సున్నా నుంచి రాయక తప్పదు. రాసిన బృందానికి నాయకుడు రాండీ ఉబిలోస్; అడోబీ ప్రీమియర్ తొలి వెర్షన్లు రాసిందీ, మాక్రోమీడియాలో మొదలై 1998లో ఆపిల్ చేతికొచ్చిన తొలి ఫైనల్ కట్‌ని తయారుచేసిందీ ఆయనే. ఎడిటింగ్ తెలియనివాళ్ళు చేసిన పని కాదన్నమాట. కారణం మంచిదే, అమలు చేసిన తీరు దారుణం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. కంపెనీని క్షమించమని నేను అడగను. కానీ మార్పుకి సాంకేతిక కారణం ఉందని తెలిస్తే, పాతది తిరిగి రాదని కూడా తెలుస్తుంది. అది తెలిస్తే ఎదురుచూపు తగ్గుతుంది.

ఇప్పుడు కుడివైపు జాబితాకి వద్దాం. నేర్చుకోవలసిన బరువంతా ఇక్కడే ఉంది.

పాత పద్ధతిలో బొమ్మ మొదటి ట్రాకులో, డైలాగు మొదటి రెండు ఆడియో ట్రాకుల్లో, సంగీతం ఆ కిందవాటిలో. ఒక షాట్ తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని మూసేటప్పుడు కింద ట్రాకు ఒకటి లాక్ చేసి ఉంటే సింక్ పోతుంది. ఎడిటర్లు ఆ సింక్‌ని కాపలా కాస్తూనే బతికారు. కొత్తదాంట్లో ప్రధాన కథావరస ఒకటుంటుంది. మిగతా క్లిప్పులు దానికి అతుక్కుని ఉంటాయి. షాట్ జరిపితే దానికి అతుక్కున్న శబ్దాలూ బొమ్మలూ దానితోపాటే జరుగుతాయి. తీసేస్తే ఖాళీ దానంతటదే మూసుకుంటుంది. డైలాగు సీన్లు కట్ చేసేవాడికి ఇది హాయి. సీను మొత్తాన్ని ఎత్తి ఇంకోచోట పెట్టినా ఏదీ చెదరదు.

మరి పాట సంగతి? మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పాట కట్ చేసేటప్పుడు సంగీతం కదలకూడదు. చరణం మొదలయ్యే బీటు అక్కడే ఉండాలి, బొమ్మలు దానిమీద అటూ ఇటూ జరగాలి. కొత్త టైమ్‌లైన్‌లో బొమ్మని ప్రధాన వరసలో పెట్టి పాటని కింద అతికిస్తే, మొదటి షాట్ అరక్షణం తగ్గించగానే మిగతా షాట్లన్నీ ముందుకి జరిగి బీటు తప్పుతాయి. "ఇది పాటలకి పనికిరాదు" అని తీర్పు చెప్పి లేచిపోయినవాళ్ళు చాలామంది. తిరగేసి ఆలోచించినవాళ్ళకి దారి దొరికింది: పాటని ప్రధాన వరసలో పెట్టడం, బొమ్మల్ని దానికి పైన అతికించడం. అప్పుడు కదలనిది పాట, కదిలేవి బొమ్మలు. లేదూ పాత పద్ధతే కావాలంటే పీ నొక్కి పొజిషన్ టూల్ తీసుకుంటే క్లిప్పు ఎక్కడ వదిలితే అక్కడ ఉంటుంది, ఖాళీ ఖాళీగానే మిగులుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే: ఈ సన్నివేశంలో ఏది కదలకూడదు? డైలాగా, సంగీతమా, బొమ్మా? ఆ నిర్ణయం ఎడిటరు ఎప్పుడూ తీసుకునేదే. ఇదివరకు అది ట్రాకుల అమరికలో దాగి ఉండేది, ఇప్పుడు ముందే చెప్పమంటోంది.

మారిన ప్రతిదాన్నీ ఇలా విప్పి చూడాలని నా సలహా. "ఇది ఎక్కడికి పోయింది" అని మెనూల్లో వెతకడం కన్నా, "ఇది ఏ పని కోసం ఉండేది" అని అడిగితే జవాబు తొందరగా దొరుకుతుంది. పాత బటన్ కోసం వెతికేవాడికి బటన్ దొరకదు. పని కోసం వెతికేవాడికి ఏదో ఒక మూల దొరుకుతుంది.

చేతుల సంగతి వేరు. చేతులకి తర్కం చెబితే వినవు. ప్రీమియర్‌లో కత్తి కోసం సీ నొక్కిన చెయ్యి ఫైనల్ కట్‌లోనో రిజాల్వ్‌లోనో కూడా సీనే నొక్కుతుంది. అక్కడ కత్తి బీ దగ్గర ఉంటుంది. ప్లేహెడ్ దగ్గర కోయడానికి మ్యాక్ మీద ప్రీమియర్‌లో కమాండ్ కే, ఆ రెండింటిలో కమాండ్ బీ. ఇలాంటివి చిన్నవే. కానీ రోజుకి కొన్ని వందలసార్లు తప్పు నొక్కి, ప్రతిసారీ అన్‌డూ కొడుతుంటే మనిషి సాయంత్రానికి పిచ్చెక్కిపోతాడు. తనకి వయసైపోయిందనుకుంటాడు. వయసుకీ దీనికీ సంబంధం లేదు.

కీబోర్డు ప్రీసెట్లు ఉంటాయి. ప్రీమియర్‌లో ఆవిడ్, ఫైనల్ కట్ 7 కీలు, రిజాల్వ్‌లో ప్రీమియర్, ఆవిడ్, ఫైనల్ కట్ కీలు ఎంచుకోవచ్చు. వాటిని వాడాలా వద్దా అని అందరూ అడుగుతారు. డెడ్‌లైన్ నెత్తిమీద ఉంటే వాడండి. లేకపోతే వద్దు. పాత కీలతో పాత అలవాట్లు మాత్రమే నడుస్తాయి; కొత్త సాఫ్ట్‌వేర్‌లో అసలు బాగా చేసిన పనులకి పాతదాంట్లో కీలే లేవు, అందుకని వాటి జోలికి మీ చెయ్యి ఎప్పటికీ వెళ్ళదు. మూడేళ్ళు రిజాల్వ్ వాడి కూడా దాన్ని ప్రీమియర్‌లాగానే నడిపేవాళ్ళు ఉన్నారు. నెమ్మదిగా ఉందని తిడుతూనే నడుపుతారు. జే, కే, ఎల్ ఎలాగూ అన్నిచోట్లా ఒకటే. ఐ, ఓ కూడా. మిగిలినవి నేర్చుకోండి.

ఎన్ని నేర్చుకోవాలి? అనుకున్నంత లేదు. ఒక ఎడిటర్ రోజంతా చేసేవి ఇరవైలోపు పనులే: క్లిప్పు చొప్పించడం, పైన వేయడం, కోయడం, అంచు జరపడం, రెండు షాట్ల మధ్య కట్‌ని అటూ ఇటూ నెట్టడం, స్లిప్ చేయడం, ఎత్తేయడం, మ్యాచ్ ఫ్రేమ్, ఆడియో తగ్గించడం పెంచడం, మార్కరు పెట్టడం, వెతకడం. వీటిని రాసుకుని, వీటి కీలు మాత్రమే పట్టుకోండి. మిగతా ట్యుటోరియళ్ళన్నీ తర్వాత. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు యూట్యూబ్‌లో "పది అద్భుతమైన కొత్త ఫీచర్లు" అనే వీడియోలు వరద కడతాయి. చూసి ఆనందించండి, కానీ దాన్ని సాధన అనుకోకండి.

సాధనకి నాకు తెలిసిన మేలైన పద్ధతి: పూర్తయి, క్లయింటుకి చేరిపోయిన పాత పని ఒకటి, మూడు నాలుగు నిమిషాలది, తీసుకోండి. ట్రైలర్ కావచ్చు, పెళ్ళి పాట కావచ్చు. దాని రషెస్‌ని కొత్తదాంట్లోకి తెచ్చి, పాత అవుట్‌పుట్ చూస్తూ మళ్ళీ అచ్చం అలాగే కట్ చేయండి. ఏ షాట్ వాడాలి, ఎక్కడ కోయాలి అనే నిర్ణయాలన్నీ అప్పటికే అయిపోయాయి. బుర్రకి పని లేదు, చేతులకి మాత్రమే పని. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కొత్త పని మొదలుపెడితే రెండూ కలిసిపోతాయి. కట్ బాగా రాకపోతే అది సీన్ తప్పో, సాఫ్ట్‌వేర్ తప్పో, చేతి తప్పో తెలియదు. అలా తెలియక తిట్టుకున్న తిట్లు 2011లో చాలా ఉన్నాయి.

ఎప్పుడు మారాలి అన్నది ఎలా మారాలి అన్నంత ముఖ్యం. నడుస్తున్న పని మధ్యలో మారకండి. డేవిడ్ ఫించర్ సినిమా 'ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' 2011 డిసెంబరులో విడుదలైంది. కొత్త ఫైనల్ కట్ వచ్చిన జూన్‌లో దాని ఎడిటర్లు కిర్క్ బాక్స్టర్, ఆంగస్ వాల్ పాత ఫైనల్ కట్ 7 మీదే ఉన్నారు, దాని మీదే ముగించారు, మరుసటి ఏడాది ఎడిటింగ్ ఆస్కార్ తీసుకున్నారు. ఆ తర్వాత ఫించర్ బృందం తీరిగ్గా వేరే దారి వెతుక్కుని, 2014లో వచ్చిన 'గాన్ గర్ల్'ని ప్రీమియర్‌లో కట్ చేసింది. (నియమానికి మినహాయింపు కూడా ఉంది: వాల్టర్ మర్చ్ 'ది ఇంగ్లీష్ పేషెంట్'ని ఫిల్మ్ మీద మొదలుపెట్టి మధ్యలో ఆవిడ్‌కి మారాడు, ఆస్కార్ కూడా తెచ్చుకున్నాడు. మీరు వాల్టర్ మర్చ్ అయితే ఈ పేరా మీకు కాదు.)

మన పెళ్ళి మిక్సింగ్ యూనిట్లకి ఈ విషయంలో ఒక వరం ఉంది. క్యాలెండరే చెబుతుంది. మాఘం, వైశాఖం, శ్రావణంలో ఎడియస్ నుంచి ప్రీమియర్‌కో రిజాల్వ్‌కో మారాలని చూడటం ఆత్మహత్య. ఆషాఢంలో, మూఢాల్లో మారండి. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో పాత పెండింగు ఆల్బమ్‌లు, వీడియోలు పాతదాంట్లో ముగిస్తూనే, పక్క సిస్టమ్‌లో కొత్తది పట్టుకోవచ్చు. సీజన్ మొదలయ్యేసరికి చెయ్యి తిరిగి ఉంటుంది. తిరగకపోతే ఆ సీజన్ కూడా పాతదాంట్లోనే లాగించండి. పెళ్ళికూతురి తండ్రికి మీ టైమ్‌లైన్‌తో పనిలేదు. "ఏం బాబూ, వీడియో ఎప్పుడిస్తావు?" అన్నదొక్కటే ఆయన ప్రశ్న.

ఇక అన్నిటికన్నా తక్కువగా మాట్లాడేదీ, అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేదీ ఒకటి మిగిలింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒంటరిగా బతకదు. కెమెరా నుంచి దానికి వస్తుంది, దాని నుంచి సౌండుకి, డీఐకి, గ్రాఫిక్స్‌కి పోతుంది. అద్దె ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గోడల రంగు చూసి మురిసిపోకుండా కుళాయి తిప్పి, కాలువ ఎటు పోతుందో చూస్తాం కదా. సాఫ్ట్‌వేర్‌నీ అలాగే చూడాలి. 2011లో కోపంతో ఊగిపోయినవాళ్ళలో అందరికన్నా న్యాయమైన కోపం కాలువ లేనివాళ్ళది. వాళ్ళకి కొత్త టైమ్‌లైన్ ఎంత నచ్చినా, కట్ చేసినదాన్ని సౌండ్ మిక్సింగుకి పంపే దారి లేనప్పుడు ఏం చేస్తారు?

దీన్ని ముందే చూసుకున్న మనిషి కూడా మర్చే. 2003లో వచ్చిన 'కోల్డ్ మౌంటెన్'ని ఆయన తొలితరం ఫైనల్ కట్‌లో కట్ చేశాడు. అప్పటికి అంత పెద్ద సినిమా దానిమీద ఎవరూ చేయలేదు. ఆపిల్ కూడా మేమున్నాం అని పూర్తిగా ముందుకి రాలేదు. ఆయన పరీక్షించింది ఎఫెక్టుల్ని కాదు. కట్ మారినప్పుడల్లా సౌండ్ విభాగానికి ఆ మార్పుల జాబితా చేరుతుందా, నెగెటివ్ కోసేవాళ్ళకి సరైన అంకెలు పోతాయా అన్నవి. లాస్ ఏంజెలెస్‌లోని డిజిటల్‌ఫిల్మ్ ట్రీ అనే సంస్థతో కూర్చుని వాటికి దారులు వేసుకున్నాకే రుమేనియాలో షూటింగుకి సిస్టమ్‌లు తీసుకెళ్ళాడు. ఆ ఎడిటింగ్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, సినిమా ఆగలేదు.

మీరూ అదే చేయండి. రెండు నిమిషాల ఉత్తుత్తి టైమ్‌లైన్ తయారుచేయండి. అందులో మీ పనిలో వచ్చేవన్నీ పెట్టండి: వేర్వేరు ఫ్రేమ్‌రేట్ల షాట్లు, ఒక స్లోమోషన్, ఒక డిజాల్వ్, వేరుగా రికార్డు చేసిన శబ్దం, ఒక తెలుగు టైటిల్. దాన్ని మీ సౌండ్ ఇంజినీరుకి ఏఏఎఫ్‌గా, కలరిస్టుకి ఎక్స్‌ఎంఎల్‌గా పంపి, అటువైపు తెరిచి చూడమనండి. "వచ్చింది" అన్న మాట నమ్మకండి. స్లోమోషన్ సరిగ్గా వచ్చిందా, ఫేడ్‌లు వచ్చాయా, హ్యాండిల్స్ ఎన్ని ఫ్రేములు వచ్చాయి అని అడగండి. స్పీడ్ మార్పులే ఎక్కువసార్లు దారిలో పాడవుతాయి.

తెలుగు టైటిల్ అని ఊరికే అనలేదు. మన యూనిట్లలో టైటిల్స్ ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో కొట్టారు. అవి యూనికోడ్ కావు. కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంటు లేకపోతే పెళ్ళికొడుకు పేరు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌కి మారితే ఇంకో చిక్కు: ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రిఫరెన్సుల్లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా ముందు "లక్ష్మి", "ఐశ్వర్య", "రాష్ట్రం" అని కొట్టి చూడండి. విదేశీ సమీక్షల్లో ఈ పరీక్ష ఎవడూ చేయడు. ఒత్తులు విడిపోతే మనకి అది లేకపోవడం కిందికే వస్తుంది.

మారకపోవడం కూడా ఒక నిర్ణయమే. నామోషీ పడాల్సిన పని లేదు. 2019లో వచ్చిన కొరియా సినిమా 'పారాసైట్'ని ఎడిటర్ యాంగ్ జిన్-మో ఫైనల్ కట్ 7లోనే కట్ చేశాడు. 2009లో వచ్చి, 2011లో అమ్మకం ఆగిన సాఫ్ట్‌వేర్ అది. ఆ సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్, ఎడిటింగ్‌కి నామినేషన్ వచ్చాయి. అందుకే "అప్‌డేట్ కాకపోతే వెనకబడిపోతావు" అనేవాళ్ళ మాట నాకు అంతగా నచ్చదు. కానీ పాతదాంట్లో ఉండేవాడు ఒక ఖర్చు భరించాలి. 2017లో మ్యాక్ హై సియెర్రా వచ్చాక దానిమీద ఫైనల్ కట్ 7 తెరుచుకోదు. పాతదే కావాలంటే కంప్యూటరునీ ఆపరేటింగ్ సిస్టమ్‌నీ కూడా పాత స్థితిలోనే గడ్డకట్టించి, నెట్‌కి దూరంగా పెట్టుకోవాలి. అది చెడిపోతే బదులు ఏమిటో ముందే అనుకోవాలి. అంత ప్లాను ఉంటే నిశ్చింతగా ఉండండి. "చూద్దాంలే" అనుకుంటూ పాతదాంట్లో ఉండటం వేరే సంగతి. అలా ఉన్నవాళ్ళనే మార్పు మెడపట్టి గెంటుతుంది.

2013లో అడోబీ సీఎస్6తో సొంతంగా కొనుక్కునే పద్ధతి ఆపేసి నెలవారీ అద్దెకి మారినప్పుడు ఇంకో రకం జూన్ వచ్చింది. అక్కడ టైమ్‌లైన్ మారలేదు, జేబు మారింది. దానికి నేర్చుకునేదేమీ లేదు, లెక్క వేసుకునేదే. ఆ లెక్క వేసుకునే చాలామంది రిజాల్వ్ వైపు వెళ్ళారు. 2009లో బ్లాక్‌మ్యాజిక్ చేతికొచ్చిన ఆ కలర్ సాఫ్ట్‌వేర్ క్రమంగా పూర్తి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌గా మారింది, ఉచిత వెర్షన్ కూడా ఉంది. 2023 నుంచి మాటల్ని అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాలు కోస్తే బొమ్మ తెగే పద్ధతి ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ వచ్చింది. దానికీ అదే గీత గీయండి. ఇంటర్వ్యూలు కట్ చేసేవాడికి అది పెద్ద మార్పు; కానీ మీ రషెస్‌లో ఉన్న భాషకి, ఆ యాసకి అది పనిచేస్తుందో లేదో ముందు మీ క్లిప్పుతోనే చూడండి. డెమోలోని ఇంగ్లీషుతో కాదు.

సీనియర్లకి ఒక మాట. ఇరవై ఏళ్ళుగా "సార్" అనిపించుకున్న మనిషి, నిన్న చేరిన అసిస్టెంట్‌ని "ఇదెలా చేశావురా?" అని అడగడానికి ప్రాణం ఒప్పుకోదు. "సార్, ఆ కీ పట్టుకుని లాగండి" అని వాడు నవ్వకుండానే చెబుతాడు, అయినా నవ్వినట్టే ఉంటుంది. ఆ నామోషీ వల్లే సాఫ్ట్‌వేర్‌ని తిట్టేవాళ్ళు ఎంతమందో. అడగండి. ఆ కుర్రాడికి కీలు తెలుసు. షాట్ ఎక్కడ ఆపితే ప్రేక్షకుడు ఊపిరి బిగబడతాడో వాడికి ఇంకా తెలియదు, అది మీ దగ్గర నేర్చుకోవాలి. శ్రీకర్ ప్రసాద్ గారు ఫిల్మ్‌ని చేత్తో కోసే రోజుల్లో 'రాఖ్'కి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు, అది 1989 సినిమా. 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' కట్ చేసిందీ ఆయనే. ఆ మధ్యలో ఎడిట్ రూమ్‌లో ఉన్న యంత్రాలన్నీ మారిపోయాయి.

నిర్మాతకో క్లయింటుకో కూడా చెప్పండి, "కొత్త సిస్టమ్‌కి మారుతున్నాం, మొదటి పనికి వారం ఎక్కువ పడుతుంది" అని. చెప్పకుండా రాత్రిళ్ళు మేలుకుని పూడ్చుకోవాలని చూస్తే ఆ అలసట కోపంగా మారి సాఫ్ట్‌వేర్ మీదికే పోతుంది.

చివరిగా, ఇది ఏ మార్పూ రాకముందే చేయవలసిన పని. పాత ప్రాజెక్టు ఫైళ్ళు దాచిపెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ప్రీమియర్ ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు, కాబట్టి మారే ముందు కాపీ తీయాలి. దాచిన ప్రతి పనికీ ప్రాజెక్టు ఫైలుతో పాటు ఒక మంచి మాస్టర్, డైలాగు, సంగీతం, ఎఫెక్టులు విడివిడిగా ఉన్న ఆడియో, ఒక ఎక్స్‌ఎంఎల్, వాడిన ఫాంట్లు కలిపి పెట్టండి. 2011లో ఆగిపోయిన ఫైనల్ కట్ 7 తన ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇవాళ్టికీ బతికే ఉంది. ప్రీమియర్, రిజాల్వ్ దాన్ని ఇప్పటికీ రాస్తాయి, చదువుతాయి. టేపుల కాలం నాటి ఈడీఎల్‌ని కూడా. కాబట్టి మీ పాత సాఫ్ట్‌వేర్ ఇంకా తెరుచుకుంటున్న ఈ వారంలోనే, మీకు ముఖ్యమైన నాలుగైదు ప్రాజెక్టులు తెరిచి అవన్నీ బయటికి తీసి, రెండు డిస్కుల్లో పెట్టుకోండి.